ఇంట్లో గ్యాసు పనికి ఎవరిని పిలవాలి? ఏం అడగాలి?

సోలాపూర్‌లో చలి ఉండేది ఐదారు వారాలు. సిద్ధేశ్వరుని గడ్డా జాతర వచ్చేనాటికి తెల్లవారుజామున చన్నీళ్ళు ముట్టుకోలేం, ఆ తర్వాత మళ్ళీ ఎండలే. గదిని వెచ్చబెట్టే పొయ్యిలు మనకు అక్కరలేదు. వంటకు మంట, స్నానానికి వేడినీళ్ళు ఉంటే చాలు. కుంఠా నాకా, అశోక్ చౌక్, దాజీ పేఠ్, సాఖర్ పేఠ్ గల్లీల్లో ఇప్పుడు ఆ రెండూ ఎక్కువగా గ్యాసు మీదే నడుస్తున్నాయి. ఆ గ్యాసు పని చేసే మనిషిని మాత్రం మనం చాలా తేలిగ్గా పిలుస్తాం. పక్కింటివాళ్ళు చెప్పారనో, సిలిండరు మోసుకొచ్చిన అబ్బాయి తనకు తెలుసన్నాడనో చేయించేస్తాం. ఎవరికి ఏ పని ఇవ్వవచ్చో, ఏ పని ఇవ్వకూడదో మన పాఠకుల కోసం ఒకచోట రాసి పెడుతున్నాం.

ముందుగా గీజర్ సంగతి

మన తాతల కాలంలో వాకిట్లో రాగి బంబు ఉండేది. కట్టెలు వేసి కాచేవాళ్ళు, పొగ ఆకాశానికి పోయేది. బంబు పోయి గ్యాసు గీజర్ వచ్చింది. అయితే అది వాకిట్లో కూర్చోలేదు, నాలుగడుగుల స్నానాల గదిలోకి వెళ్ళింది. అపాయమంతా అక్కడే ఉంది.

గ్యాసు మండాలంటే గాలి కావాలి. తలుపు వేసిన చిన్న గదిలో గీజర్ వెలిగితే అది ఆ గదిలోని ప్రాణవాయువునే వాడుకుంటుంది. గాలి తగ్గేకొద్దీ మంట సరిగా మండదు, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు గ్యాసు లీకయితే ముక్కుకు తెలిసేది అందులో కలిపిన మెర్కాప్టన్ అనే వాసన పదార్థం వల్ల. మంటలో అది కాలిపోతుంది కాబట్టి గీజర్ నుంచి వచ్చే విషవాయువును ముక్కు పట్టలేదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం. మనవాళ్ళు పైత్యం అనుకుంటారు. ఆ తర్వాత కాళ్ళలో సత్తువ పోతుంది. తలుపు గడియ రెండడుగుల దూరంలోనే ఉన్నా చెయ్యి దాకా పోదు.

2023 మార్చిలో ముంబై ఘాట్‌కోపర్‌లో హోలీ ఆడి వచ్చిన దంపతులు స్నానాల గదిలోనే చనిపోయి కనిపించారు. గీజర్ నుంచి వచ్చిన వాయువే కారణం కావచ్చని అప్పట్లో పోలీసులు అనుమానించారు. మహారాష్ట్రలో చలికాలపు పత్రికలు తిరగేస్తే ఇటువంటి వార్తలు ఏటా కనబడతాయి.

కాబట్టి గీజర్ పెట్టించడానికి మనిషిని పిలిచినప్పుడు ఆయన మొదట ఏం చూస్తున్నాడో గమనించండి. గోడకు మేకులు ఎక్కడ కొట్టాలా అని చూసేవాడు ఒక రకం. గాలి ఎటు నుంచి వస్తుంది, కిటికీ ఉందా, గీజర్‌ను బయట పెట్టే చోటుందా అని చూసేవాడు ఇంకో రకం. గీజర్ ఉండవలసింది స్నానాల గది బయట, గాలి ఆడే బాల్కనీలోనో వెనక వాకిట్లోనో. అక్కడి నుంచి వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి రావాలి. తలుపు కింద సందు ఉంది కదా, పైన చిన్న జాలీ ఉంది కదా అంటే చాలదు.

మరి గోడకు గోడ ఆనుకొని, వెనక జానెడు చోటు కూడా లేని ఇళ్ళ మాటేమిటి? మన పేఠల్లో సగం ఇళ్ళు అలాంటివే. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: ఆ ఇంటికి గ్యాసు గీజర్ పనికిరాదు. ఆ మాట మొహం మీద చెప్పి, పని వదులుకొని పోయే మిస్త్రీ దొరికితే ఆయన నంబరు దాచుకోండి.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 15558 అనే సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఇంట్లో వాడే గ్యాసు గీజర్‌కు అదే ప్రమాణం. ఇంకో చిక్కు నీళ్ళది. నీటి ఒత్తిడి చాలకపోతే గీజర్ అంటుకోదు. ఉజని నీళ్ళు మనకు ఏ రోజు వస్తాయో చూసుకొని డాబా మీది ట్యాంకు నింపుకునే వాళ్ళం, ఆ ట్యాంకు కూడా ఎత్తులో ఉండదు. మిస్త్రీ వచ్చి లోపలి స్విచ్‌ను వంచి, తక్కువ నీళ్ళకే అంటుకునేలా చేస్తానంటే ఒప్పుకోవద్దు. నీళ్ళు రానప్పుడు మంట ఆపే ఏర్పాటు అదే. తక్కువ ఒత్తిడికి పనిచేసే గీజర్లు వేరే దొరుకుతాయి, ట్యాంకు ఎత్తు చెప్పి అడగండి. ఒకరి వెనక ఒకరు ఇంటిల్లిపాదీ స్నానాలు చేసేటప్పుడు మధ్యలో గీజర్ ఆపి, తలుపు తెరిచి, గదికి గాలి తగలనివ్వండి.

లోపల ఎవరైనా పలకకపోతే తలుపు విరగ్గొట్టడానికి వెనకాడవద్దు. గ్యాసు కట్టేసి, మనిషిని ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రిలో మొదటి మాటగా గ్యాసు గీజర్ నడుస్తుండగా పడిపోయారని చెప్పాలి. ఇది ఎందుకు ముఖ్యమంటే, వేలికి పెట్టే మామూలు ఆక్సిజన్ మీటరు ఈ విషవాయువును గుర్తించలేదు. రక్తం పాడయినా అంకె బాగానే చూపిస్తుంది. మీరు చెబితేనే డాక్టరుకు అనుమానం వస్తుంది.

ఎవరు ఏ పని చెయ్యవచ్చు

సిలిండరు, దాని వాల్వు, రెగ్యులేటరు ఇవి గ్యాసు కంపెనీవి. మనం డిపాజిట్ కట్టి వాడుకుంటున్నాం, అంతే. వీటికి ఏ జబ్బు చేసినా ఏజెన్సీ మెకానిక్ తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. రెగ్యులేటరును విప్పి బాగుచేస్తానన్నవాణ్ణి ఇంట్లోకి రానివ్వకండి. పాడయిన రెగ్యులేటరును ఏజెన్సీలో ఇచ్చి వేరేది తీసుకోవాలి. బజారులో దొరికే రెగ్యులేటరు అసలే వద్దు.

పొయ్యి మనది. శెగడి మిస్త్రీలు మన గల్లీల్లోనే ఉన్నారు, మన తెలుగు పిల్లలే చాలామంది, చేతిపని బాగా తెలిసినవాళ్ళు. బర్నరు శుభ్రం చెయ్యడం, తిరగని నాబ్‌ను సరిచెయ్యడం, జెట్ మార్చడం వాళ్ళతో చేయించుకోవచ్చు. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చగా ఎగిసి గిన్నె అడుగు నల్లబడుతుంటే పొయ్యి సరిగా మండడం లేదు. బాగుచేసి పోయేముందు మిస్త్రీని అన్ని బర్నర్లూ వెలిగించి చూపించమనండి. వారంటీ ఉన్న పొయ్యి అయితే కంపెనీ సర్వీసు మనిషినే పిలవండి. బయటివాడు విప్పితే వారంటీ పోతుంది.

పొయ్యికీ గీజర్‌కూ కలిపి ఒకే సిలిండరు నుంచి రబ్బరు గొట్టం మధ్యలో టీ జాయింటు వేసి ఇచ్చే అలవాటు మన దగ్గర బాగా పాకింది. తీగ చుట్టి బిగించిన ఆ మూడు మూతులూ మూడు లీకులకు దారులు. గ్యాసు కంపెనీలు దీన్ని ఒప్పుకోవు. గొట్టం అన్నది రెగ్యులేటరు నుంచి పొయ్యి దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకటే ఉండాలి, మీటరున్నర కంటే పొడవు ఉండకూడదు, గోడలోంచి దూర్చకూడదు. లోపల ఉక్కు తీగ అల్లిన నారింజ రంగు సురక్షా గొట్టానికి ఐదేళ్ళు ఆయుష్షు. దాని మీద ఐఎస్ 9573 అని, తయారైన సంవత్సరం అని అచ్చయి ఉంటుంది. మీ ఇంటి గొట్టం మీద ఆ అక్షరాలు చెరిగిపోయాయంటే మార్చే కాలం దాటినట్టే లెక్క వేసుకోండి.

సిలిండరు తెచ్చే అబ్బాయి మెకానిక్ కాదు. కానీ అతను చెయ్యవలసిన పనులు రెండున్నాయి, అవి అడిగి చేయించుకోవడం మన హక్కు. ఒకటి తూకం: సిలిండరు మీద రాసి ఉన్న ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే వచ్చే లెక్క త్రాసులో కనబడాలి. రెండోది, మూత తీసి వాల్వు దగ్గర లీకు లేదని చూపించడం. అలాగే సిలిండరు పై చక్రాన్ని పట్టి ఉంచే నిలువు పట్టీ లోపలివైపు ఒక అక్షరం, రెండంకెల సంవత్సరం ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి జూన్ దాకా, సి సెప్టెంబరు దాకా, డి డిసెంబరు దాకా. సిలిండరుకు మళ్ళీ పరీక్ష జరగవలసిన గడువు అది. గడువు దాటిన సిలిండరును తిప్పి పంపండి, మొహమాటం అక్కరలేదు.

తలుపు తట్టి వచ్చేవాళ్ళు

గ్యాసు తనిఖీకి వచ్చామని మెడలో ఏదో కార్డు వేసుకొని వస్తారు. మగవాళ్ళు కార్ఖానాకు పోయిన వేళ, ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టుకుంటూ ఉన్నప్పుడే వస్తారు. మరాఠీలో గబగబా ఏదో చెప్పి, గొట్టం పాడయిందనీ సర్కారు రూలనీ భయపెట్టి, నాసిరకం గొట్టమో లైటరో అంటగట్టి డబ్బు పట్టుకుపోతారు. నిజమైన తనిఖీ కూడా ఉంది, అందుకే గందరగోళం. ఐదేళ్ళకోసారి ఏజెన్సీ మెకానిక్ వచ్చి రుసుము తీసుకొని చేసే తప్పనిసరి తనిఖీ ఒకటి. సిలిండరు ఇచ్చేటప్పుడే ఉచితంగా చేసే ప్రాథమిక తనిఖీ ఇంకొకటి.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. వచ్చినవాణ్ణి గడప బయటే నిలబెట్టి, మీ గ్యాసు పుస్తకంలో ఉన్న ఏజెన్సీ నంబరుకు ఫోన్ చేసి ఫలానా మనిషిని పంపారా అని అడగండి. అతను ఇచ్చిన నంబరుకు కాదు. ఏజెన్సీ మనిషికి మీ కన్స్యూమర్ నంబరు ముందే తెలిసి ఉంటుంది, రసీదు ఇస్తాడు. రసీదు లేదంటే పైసా ఇవ్వకండి. పాత గొట్టం తీసుకుపోతానన్నా వద్దనండి, అది మీ దగ్గరే ఉండాలి.

ఫోనులో వెతికి సర్వీసు సెంటరు నంబరు తీసుకోవడం ఇంకో ప్రమాదం. ఆ నంబర్లలో దొంగవి చాలా ఉన్నాయి. ఓటీపీ చెప్పమంటారు, ఏదో యాప్ దింపుకోమంటారు. పైపు గ్యాసు ఉన్న ఊళ్ళలో అయితే ఈ రాత్రికి మీ గ్యాసు కట్ చేస్తాం అని సందేశం పంపి, యాప్ దింపించి బ్యాంకు ఖాతా ఊడ్చేస్తున్నారు. నంబరు పొయ్యి డబ్బా మీదనో వారంటీ కార్డు మీదనో చూసుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. గంటలు గడిచేకొద్దీ తిరిగి రాబట్టడం కష్టమవుతుంది.

పని ఒప్పుకునే ముందు మజూరీ ఎంత, సామాను ధర ఎంత అని విడివిడిగా అడగండి. పని అయ్యాక సబ్బు నురుగు పూసి ప్రతి కీలు దగ్గరా బుడగ రావడం లేదని చూపించమనండి. అగ్గిపుల్ల గీసి లీకు చూసే మిస్త్రీలు ఇంకా ఉన్నారు. అలాంటివాణ్ణి అక్కడే ఆపి పంపెయ్యాలి. తర్వాత గొడవ వస్తే బిల్లు ఉంటేనే 1915 అనే జాతీయ వినియోగదారుల నంబరుకైనా, జిల్లా గ్రాహక్ ఆయోగ్‌కైనా పోగలం.

మగ్గం ఉన్న ఇల్లు

ఈ విషయం ఏ గ్యాసు కంపెనీ కరపత్రంలోనూ ఉండదు. ముందు గదిలో పవర్‌లూమ్, వెనక గదిలో వంట, మధ్యలో పరదా. ఇది మన ఇల్లు. సిలిండరు గ్యాసు గాలి కంటే బరువు. లీకయితే పైకి పోదు, నేల వెంట పాకి పల్లంలో చేరుతుంది. ఇంకా చేమగ్గం ఉన్న ఇంట్లో మగ్గం గుంట ఉంటుంది కదా, గ్యాసు పోయి నిలిచేది అందులోనే. వంటగదిలో వాసన పోయిందనుకున్నాక కూడా గుంటలో ఉండవచ్చు. పవర్‌లూమ్ ఇంట్లో స్టార్టరు నొక్కినా ఆపినా నిప్పురవ్వ పుడుతుంది. నేల మీద, తీగల మీద పేరుకున్న నూలు నుసి అంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు.

2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలోని తువాళ్ళ కార్ఖానాలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్ళలో యజమాని, ఆయన కుటుంబంవాళ్ళు, ఏడాదిన్నర పసివాడు కూడా ఉన్నారు. కుటుంబం ఆ కట్టడంలోనే ఉండేది. ఆ మంటకు షార్ట్ సర్క్యూట్ కారణమని మొదట చెప్పారు, గ్యాసు కాదు. అయినా నూలు, నివాసం ఒకే కప్పు కింద ఉంటే మంట ఎంత తొందరగా ముంచుకొస్తుందో ఊరంతా చూసింది.

అందుకని గ్యాసు మనిషి వచ్చినప్పుడు వంటగది ఒక్కటే చూపించి పంపకండి. మగ్గం ఎక్కడుందో, స్టార్టరు ఎక్కడుందో చూపించి, సిలిండరు ఎటువైపు పెడితే మంచిదో అడగండి. సిలిండరు నిలువుగా నేల మీద, పొయ్యి దానికంటే ఎత్తులో గట్టు మీద ఉండాలి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టెయ్యాలి. వైరింగు పనికి లైసెన్సు ఉన్న వైర్‌మన్‌నే పిలవండి, ఎర్తింగు సరిగా ఉందో లేదో మీటరు పెట్టి చూపించమనండి. నీళ్ళలో పెట్టే హీటర్ రాడ్ వాడే ఇళ్ళలో ఇది మరీ అవసరం. ప్లగ్గు తీశాకే బకెట్టు ముట్టుకోవాలని పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

భాకరి వ్యాపారం చేసే ఇళ్ళు

కడక్ భాకరీలు, శేంగా చట్నీ చేసి అమ్మే ఆడవాళ్ళు మనలో చాలామంది. మెస్సులకు డబ్బాలు కట్టేవాళ్ళూ ఉన్నారు. ఇంటి సిలిండరు మీద పెద్ద బర్నరు పెట్టి పొద్దున నాలుగింటి నుంచి నడుపుతారు. కష్టపడి బతికేవాళ్ళను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ వ్యాపారానికి 14.2 కిలోల ఇంటి సిలిండరు వాడటం నేరం, దానికి 19 కిలోల సిలిండరు వేరుగా ఉంది. ధర ఎక్కువే. పట్టుబడితే జప్తు చేస్తారన్నదే అందరి భయం. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది, ప్రమాదం జరిగితే బీమా అడగడం కష్టమవుతుంది.

బీమా, చిరునామా

గ్యాసు వాడే ప్రతి ఇంటికీ చమురు కంపెనీలు తీసుకున్న బీమా ఉంది. మనం ప్రీమియం కట్టనక్కరలేదు. గ్యాసే మూలకారణమైన ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షలు. వైద్యానికి ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షలు, మనిషికి 2 లక్షలు మించకుండా. ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా, అదీ కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే. ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన అంకెలివి. ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి. వాళ్ళు కంపెనీకి, కంపెనీ బీమావాళ్ళకు చెబుతారు. ఐఎస్ఐ పొయ్యి, గడువులో ఉన్న గొట్టం, తనిఖీ రసీదు ఉన్నాయా అని అప్పుడు అడుగుతారు. చవకగా దొరికిందని తీసుకున్న గొట్టం అక్కడ అడ్డం వస్తుంది.

చిరునామా మాట మళ్ళీ చెబుతున్నాం. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ ఘర్‌కుల్‌లో 10,000 ఇళ్ళు, 2024 జనవరిలో రేనగర్‌లో 15,000 ఇళ్ళు కార్మికులకు అందాయి. కుంఠా నాకా చుట్టుపక్కల అద్దె గదుల నుంచి, చాళ్ల నుంచి ఎంతోమంది అక్కడికి మారారు. సిలిండరును ఆటోలో వేసుకొని పోయారు, పుస్తకంలో మాత్రం పాత చిరునామాయే ఉండిపోయింది. కొందరి కనెక్షన్ ఎప్పుడో పోయిన తాత పేరు మీదే నడుస్తోంది. ఇల్లు మారితే కొత్త చిరునామా రుజువుతో, పేరు మార్చాలంటే మరణ ధ్రువపత్రం, వారసుల ఒప్పుదల, ఆధార్‌తో ఏజెన్సీకి పోవాలి. దూరం మారితే ఏజెన్సీ కూడా మారవచ్చు. పోవలసింది ఒక పూట, సెలవు రోజున ఏజెన్సీ తెరిచి ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

లీకయినప్పుడు చెప్పవలసిన మాటలు

వాసన వస్తే స్విచ్చు వెయ్యకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. మగ్గం స్టార్టరు కూడా అంతే. రెగ్యులేటరు కట్టేసి, సిలిండరు నుంచి తీసి, తెల్లటి మూత బిగించి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికి రావాలి. ఫోన్ బయటికి వచ్చాకే. గ్యాసు లీకు నంబరు 1906, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫైర్‌కు 101. మామూలు ఫిర్యాదులకు 18002333555.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలుగు తప్ప వేరే భాష కంగారులో నోటికి రాదు. అందుకే ఈ మూడు వాక్యాలు గోడ మీద తెలుగులో రాసి పెట్టండి.

మరాఠీలో: ఘరాత్ గ్యాస్ గళతీ ఆహే, లవకర్ మాణూస్ పాఠవా.
హిందీలో: ఘర్ మే గ్యాస్ లీక్ హో రహా హై, జల్దీ ఆద్మీ భేజియే.
రెండిటికీ: పత్తా కుంఠా నాకా, సోలాపూర్.

మూడో వాక్యం పక్కనే మీ గల్లీ పేరు, ఇంటి నంబరు, కన్స్యూమర్ నంబరు పెద్ద అంకెలతో రాయండి. పొయ్యి దగ్గర కాదు, బయటికి వచ్చే తలుపు పక్కన.